సుహాసిని చెప్పిన ఆకలి కథ

శైలజ రైలు దిగగానే త్రినాథ్ నవ్విన నవ్వు సుహాసినికి అస్సలు నచ్చలేదు.

ఆమదాలవలసలో పొద్దుటినుంచీ వాన. స్టేషన్‌లో ఇద్దరూ ఒకే గొడుగు కింద నిలబడి ఉన్నారు. గొడుగు సుహాసినిది. త్రినాథ్ భుజం తన భుజానికి తగలనా వద్దా అన్నట్టు ఊరిస్తోంది. రైలు ఓ గంట ఆలస్యమైతే బాగుండునని ఆమె మనసులో దండం పెట్టుకుంటుండగానే, విజయనగరం వైపు నుంచి ప్యాసింజరు ఠంచనుగా వచ్చి ఆగింది.

"నువ్వేనేటి శైలజ? నెల్లిమర్ల శైలజ?" అన్నాడు త్రినాథ్.

"నానే. ఫోన్లో గొంతు ఇని లావుగా ఉంటావనుకున్నాను. నువ్వేటి, పుల్లలాగున్నావు!"

త్రినాథ్ పగలబడి నవ్వాడు. సుహాసిని ఈ పనిలో చేరిన ఇన్ని నెలల్లో ఏ జోకుకీ అతను అంత నవ్వు నవ్వలేదు.

"సుహాసినీ, గొడుగోసారి శైలజకియ్యి. పాపం, బేగులు తడిసిపోతన్నాయి."

బ్యాగులట! మనుషులు తడిసినా ఫర్వాలేదన్నమాట. సుహాసిని గొడుగు ఇచ్చేసి, వానలో నడుచుకుంటూ ఆటో దాకా వెళ్ళింది. వెనక నుంచి ఇంకో నవ్వు వినబడింది. ఒళ్ళు తడిసి ముద్దయినా లోపల మాత్రం మండిపోతోంది.

వాళ్ళ పనేమిటో కాస్త చెప్పాలి. శ్రీకాకుళంలో పద్మకుమారి మేడం నడిపే చిన్న సంస్థ ఒకటుంది. పిల్లల పేదరికం మీద పెద్దవాళ్ళు రాసిన రిపోర్టులు చాలానే ఉన్నాయి. ఆ పేదరికంలో పెరిగిన కుర్రకారే పల్లెలకి వెళ్ళి, పిల్లలతో కూర్చుని విని, విన్నదాన్ని వాళ్ళతో కలిసి అధికారుల ముందు పెడితే ఎలా ఉంటుందన్నది ఆవిడ ఆలోచన. ఆ ఏడాది పాతపట్నం వైపు పల్లెలు ఎంచుకున్నారు. అక్కడ కోతలు కాగానే చాలా కుటుంబాలు ఇటుక బట్టీలకి వలసపోతాయి. పిల్లలూ వెంట పోతారు. చదువు సగంలో తెగిపోతుంది. అమ్మానాన్నలు తిరిగొచ్చేదాకా పిల్లలు ఊళ్ళోనే ఉండి చదువుకోవటానికి బడి పక్కనే ఒక హాస్టల్ కావాలి. ఈ తిరుగుడంతా దానికోసమే.

త్రినాథ్‌ది ఆ పల్లెల్లోనే ఒకటి. చిన్నప్పుడు తనూ బట్టీకి వెళ్ళినవాడే. కొత్తగా చేరిన శైలజ, తండ్రి మంచాన పడటంతో ఎనిమిదో తరగతిలో బడి మానేసి, నాలుగిళ్ళలో అంట్లు తోమి, తర్వాత ప్రైవేటుగా కట్టి డిగ్రీ దాకా వచ్చింది.

మరి సుహాసిని? ఆమదాలవలసలో బియ్యం షాపు జగన్నాధంగారి ఒక్కగానొక్క కూతురు. సోషల్ వర్క్‌లో పీజీ. మొదట సర్టిఫికెట్ కోసం వచ్చింది. తర్వాత త్రినాథ్ కోసం ఉండిపోయింది.

మర్నాటి నుంచి పల్లెలు తిరగటం మొదలైంది. శైలజ వీధిలో అడుగు పెడితే చాలు, పిల్లలు చుట్టూ మూగేవాళ్ళు. పక్కనే త్రినాథ్. ఇద్దరూ అరుగు మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంటే, సుహాసిని ఫోన్ పట్టుకుని మాటలు రికార్డు చేసేది. పెళ్ళిలో ఫొటోగ్రాఫర్ లాగా. అందరికీ కనిపిస్తూ, ఎవరికీ ఏమీ కాకుండా.

ఒకరోజు తెగించి తనే ఒక ప్రశ్న అడిగింది. ఎదురుగా కూర్చున్నది ఏడో తరగతి చదివే బిందు.

"బిందూ, ఆకలేసినప్పుడు నీకెలాగ అనిపిస్తాది?"

"ఆకలేసినట్టే అనిపిస్తాది అక్కా."

అరుగంతా నవ్వులు. అందరికంటే గట్టిగా త్రినాథ్ నవ్వాడు. శైలజ చున్నీ నోటికి అడ్డం పెట్టుకుని అతని వైపు చూసింది, అతనూ ఆమె వైపు చూశాడు. తన మీద జోకు పడినందుకు సుహాసిని బాధపడలేదు. వాళ్ళిద్దరూ అలా చూసుకోవటానికి తనే దొరికిందే అని ఏడుపొచ్చింది.

మధ్యాహ్నం బడి వరండాలో క్యారియర్లు విప్పారు.

"మాయమ్మ గంజిలో ఉప్పు ఎక్కువేసీది," అన్నాడు త్రినాథ్. "ఎందుకో సెప్పుకో సూద్దాం."

"దాహమేసి నీళ్ళు తాగతారని. నీళ్ళకే కడుపు నిండిపోద్దని!" అంది శైలజ.

"మీ ఇంట్లోనూ అంతేనేటి?"

"మా వీధి వీధంతా అంతే!"

ఇద్దరూ విరగబడి నవ్వారు. ఏడవాల్సిన విషయానికి అంత హాయిగా ఎలా నవ్వుతారో సుహాసినికి అర్థం కాలేదు. తన క్యారియర్లో పప్పు, వంకాయ వేపుడు, పక్కన చిన్న డబ్బాలో నెయ్యి. ఆ డబ్బా మూత తియ్యకుండానే బ్యాగులోకి తోసేసింది. నెయ్యిని చూసి సిగ్గుపడటం జీవితంలో అదే మొదలు.

శైలజ అందానికి కుళ్ళుకుంటే దానికో దారుండేది. కొత్త చుడీదార్ కుట్టించుకోవచ్చు, కాటుక పెట్టుకోవచ్చు. వాళ్ళిద్దరి మధ్య ఉన్నది ఏ షాపులో దొరుకుతుంది? ఒకళ్ళు పడ్డ ఆకలికి నేను కుళ్ళుకోవటమేమిటి ఛీ, అని తనని తనే తిట్టుకుంది. తిట్టుకున్నా కుళ్ళు తగ్గలేదు.

ఆ శనివారం సంస్థ హాల్లో అందరినీ గుండ్రంగా కూర్చోబెట్టింది పద్మకుమారి మేడం.

"పిల్లల్ని మనసు విప్పి చెప్పమంటున్నాం కదా. ముందు మనం చెప్పుకుందాం. చిన్నప్పటిది ఏదైనా సరే. చెప్పాలని లేనివాళ్ళు 'పాస్' అనెయ్యండి. ఎవరూ ఏమీ అనుకోరు."

త్రినాథ్ నేలచూపులు చూస్తూ మొదలుపెట్టాడు. "బట్టీలో పచ్చి ఇటుకలు ఎండడానికి తిరగెయ్యాల. అది పిల్లల పని. మేం బరువుండం కదా, పైన కాలేసినా ఇటుక నలగదు. మాయమ్మకి నా చేతులు సూస్తే ఏడుపొచ్చీది. తిరిగొచ్చీసరికి నా ఈడోళ్ళు పై క్లాసుకెల్లిపోయారు. నేను పొట్టి పిల్లల మద్దిన కూసున్నాను. 'ఒరే తాతా' అనీవోరు."

శైలజ లేచి వెళ్ళి అతని భుజం మీద చెయ్యి వేసింది. అక్కడున్న ఎవరైనా చేసే పనే. కానీ సుహాసిని కళ్ళు ఆ చేతి దగ్గరే అతుక్కుపోయాయి. వెయ్యటం సరే, తియ్యదేం?

"సుహాసినీ, నువ్వు?" అంది మేడం.

పాస్ అనాలి. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా.

"మా నాన్న షాపు ఒక ఏడాది మూతపడిపోయింది," అని వినబడింది. ఆ గొంతు తనదే. "పక్క షాపుల ముందు బస్తాలు దింపినప్పుడు గింజలు రాలతాయి కదా. అమ్మా నేనూ చీపురు పట్టుకెళ్ళి ఊడ్చి తెచ్చుకునీవోళ్ళం. అందులో రాళ్ళు ఏరడం నా పని."

అలా గింజలు ఊడ్చుకుపోయే ఆడవాళ్ళని చిన్నప్పుడు ఆమె తమ షాపు ముందే చూసింది. మేడ మీంచి.

త్రినాథ్ తలెత్తి ఆమెనే చూస్తున్నాడు. ఆ కళ్ళల్లో నీళ్ళు. శైలజ చెయ్యి అతని భుజం మీంచి ఎప్పుడు జారిందో అతనికే తెలిసినట్టు లేదు.

ఆ సాయంత్రం అతను బస్టాండు దాకా వచ్చి, బస్సు కదిలేదాకా కిటికీ పక్కనే నిలబడ్డాడు. సుహాసిని గుండెలో ఒక పక్క పెళ్ళి బాజాలు, ఇంకో పక్క పోలీసు విజిల్.

ఆ తర్వాత రోజులు ఎంత తియ్యగా ఉన్నాయో అంత నరకం. భోజనాల దగ్గర త్రినాథ్ తన ప్లేట్లో గుడ్డు తీసి ఆమె ప్లేట్లో వేసేవాడు. "తిను, నువ్వు సరిగ్గా తినట్లేదు," అనేవాడు. ఇంట్లో పొద్దున్నే నాలుగు ఇడ్లీలు తినొచ్చిన సుహాసిని ఆ గుడ్డుని కష్టపడి మింగేది.

అంతకంటే కష్టం శైలజ. ఆమె ఒకరోజు సుహాసినిని గట్టిగా కావలించుకుంది. "ఒసే, నువ్వూ మాలాటిదానివని తెలక, నీతో మాటాడ్డానికే బయపడీదాన్ని. క్షమించీ." ఎవరినైతే చూసి ఏడ్చిందో ఆ మనిషే వచ్చి మెడకి చుట్టుకుంటే ఏం చెయ్యాలి? సుహాసిని కర్రలా నిలబడిపోయింది.

వర్షాలు వెనకబట్టాయి. పాతపట్నంలో సభ ఖాయమైంది. జిల్లా నుంచి అధికారులొస్తారు. పిల్లల తరఫున బిందు మాట్లాడుతుంది, కుర్రకారు తరఫున ఇంకొకరు. ఆ ఇంకొకరు శైలజేనని అందరూ అనుకున్నారు.

"నాకొద్దు," అంది శైలజ. "సుహాసిని సెప్పాల. బిందు కూడా దీని కథ నా నోట ఇన్నాకే మాటాడతానని ఒప్పుకుంది."

"ఔనక్కా. నువ్వే సెప్పగా లేంది, నానెందుకు సెప్పనేను?" అంది పక్కనే ఉన్న బిందు.

ఇప్పుడైనా నిజం చెప్పెయ్యాలని సుహాసిని నోరు తెరిచింది. అటుపక్క త్రినాథ్ గర్వంగా చూస్తున్నాడు. నోరు మూసుకుంది.

సభకి ముందురోజు సుహాసినికి ఫ్లెక్సీ ఇవ్వటానికి త్రినాథ్ ఆమదాలవలస వచ్చి, షాపు ఎక్కడని ఎవర్నో అడిగి నేరుగా వెళ్ళిపోయాడు. సుహాసిని మేడ దిగేసరికి, బస్తాల మధ్య కుర్చీలో కూర్చుని టీ తాగుతున్నాడు. ఎదురుగా తండ్రి జగన్నాధం మంచి హుషారులో ఉన్నాడు.

"ఇప్పుడు షాపు బాగా నడస్తన్నాదా అండీ? అప్పట్లో ఏడాది మూతబడిపోయిందని…"

"మూతబడ్డమా!" జగన్నాధం పెద్దగా నవ్వాడు. "మా తాత పెట్టిన షాపు బాబూ ఇది. తుపానొచ్చినా సగం తలుపు తీసే ఉంటాది. నీకెవరు సెప్పేరు? మా సుహాసినికి అన్నం తినిపించడానికి వాళ్ళమ్మ గిన్నె పట్టుకుని బజారంతా పరిగెట్టీది. నెయ్యి తక్కువైతే ముద్ద ఊసీసీది. అలాగ పెరిగింది మరి!"

త్రినాథ్ టీ గ్లాసు కింద పెట్టాడు. మెట్ల మీద నిలబడిపోయిన సుహాసినిని చూశాడు. "ఎల్లొస్తానండీ," అని లేచి బైక్ దగ్గరకి నడిచాడు. సుహాసిని వెనకాలే పరుగెత్తింది.

"త్రినాథ్! ఆగు."

"ఎందుకలగ సెప్పేవు?"

"నువ్వు… శైలజతో నవ్వతన్నావని."

"ఏటి?"

"మీరిద్దరూ మీ చిన్నప్పటివి సెప్పుకుని నవ్వుకుంటారు. నాకు సెప్పుకోడానికి ఏటీ లేదు. నేనెప్పుడూ బయటే. ఓర్చుకోలేకపోయాను."

అతను బైక్ ఎక్కి, హ్యాండిల్ పట్టుకున్నాడు.

"బట్టీలో ఎండకి నా చేతులు పగిలిపోతే మాయమ్మ ఆముదం రాసీది. అది సూసి కుళ్ళుకున్నావా? తీసుకో సుహాసినీ. ఆ ఏడాది మొత్తం తీసుకుపో. నాకేటీ వద్దు."

బైక్ మలుపు తిరిగిపోయింది. రోడ్డు మీద అందరూ చూస్తుండగా సుహాసిని నిలబడి ఏడ్చింది.

మర్నాడు పాతపట్నంలో అందరికంటే ముందు హాలుకి చేరింది. పద్మకుమారి మేడంకీ శైలజకీ ఉన్నది ఉన్నట్టు చెప్పేసింది. మేడం కళ్ళజోడు తీసి, "ఆ మాట బయటపడితే రేపు పిల్లలు చెప్పిందంతా అబద్ధమేనంటారమ్మా. అది ఆలోచించావా?" అంది. శైలజ పక్కకి తిరిగింది.

బిందుకి చెప్పటం అన్నిటికంటే కష్టమైంది.

"అయితే నీది కత. నాది నిజం," అంది ఆ పిల్ల. "నిన్ను సూసే కదా ఒప్పుకున్నాను? నాను మాటాడను."

"వద్దులే. నీకు ఇష్టం లేకపోతే ఒక్క మాట కూడా సెప్పొద్దు. నాది మాత్రం నేను సెప్పాలి."

హాలు నిండింది. ముందు వరసలో అధికారులు, వెనక పల్లెల జనం. గుమ్మం దగ్గర చేతులు కట్టుకుని త్రినాథ్. సుహాసిని మైకు పట్టుకుంది.

"మాది బియ్యం షాపు. నాకు ఆకలంటే తెలీదు. తెలుసని మా టీమ్‌లో అబద్ధం చెప్పాను. రాలిన గింజలు ఊడ్చుకుని తిన్నామని చెప్పాను. ఊడ్చుకున్నది వేరే అమ్మ, వేరే పిల్ల. నేను మేడ మీద నిలబడి చూశాను. ఆ పిల్ల ఎవరో, తర్వాత బడికి వెళ్ళిందో లేదో నాకు తెలీదు. ఎప్పుడూ అడగలేదు. ఈ టీమ్‌లో అబద్ధం చెప్పింది నేనొక్కదాన్నే. మిగతావాళ్ళు చెప్పింది, పిల్లలు చెప్పింది నిజం. నా తప్పుకి దయచేసి వాళ్ళని తక్కువ చెయ్యొద్దు. ఈ ఊళ్ళల్లో పంట కోసే చేతులే కోతలయ్యాక బట్టీలకి పోతున్నాయి. ఆ పంటే మా షాపుకొస్తుంది. నాకు తెలిసింది ఇంతే."

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ముందు వరసలో గుసగుసలు మొదలయ్యాయి. ఒకాయన నవ్వాడు కూడా. సుహాసిని మైకు కింద పెట్టబోయింది. ఎవరో లాక్కున్నారు. చూస్తే బిందు.

"ఎందుకు నవ్వతన్నారు సార్? అక్క తప్పు అక్క సెప్పీసింది." మైకు నోటికి మరీ దగ్గరగా పెట్టుకోవటంతో హాలంతా గొంతు మోగింది. "మాయమ్మోలు బట్టీకెల్తే నన్నూ తీసుకెల్తారు. ఒక్కదాన్నీ ఇంట్లో ఒగ్గీడానికి బయం వాళ్ళకి. నాకు లెక్కలంటే ఇష్టం. తిరిగొచ్చీసరికి మా క్లాసోలు ముందుకెల్లిపోతారు. నానేటి మొద్దునా? కాదు. నానిక్కడ ఉండను, అంతే. ఉండడానికి సోటిస్తే ఉంటాను. ఇస్తారా, ఇవ్వరా?"

ఈసారి వెనక వరసలు లేచి నిలబడ్డాయి. గుమ్మం దగ్గర త్రినాథ్ రెండు చేతులూ పైకెత్తి చప్పట్లు కొడుతున్నాడు. సుహాసిని వైపు మాత్రం చూడలేదు.

అడగ్గానే ఏదీ రాలేదు. బిందూ, ఆమె స్నేహితులూ జిల్లా ఆఫీసుకి ఉత్తరాలు పెట్టారు, కుర్రకారు పదేపదే తిరిగారు. సుహాసినీ తిరిగింది. త్రినాథ్ ఆమెతో పని మాటలు తప్ప మాట్లాడేవాడు కాదు. బస్సులో ఎదురు సీటు ఖాళీగా ఉన్నా వెనక్కి పోయి నిలబడేవాడు.

సభ సంగతి ఆమదాలవలస బజారుకి చేరటానికి ఎంతోసేపు పట్టలేదు.

"ఏమ్మా, నన్ను ఏడాదిపాటు దివాలా తీయించీసేవంట?" అన్నాడు జగన్నాధం భోజనాల దగ్గర. సుహాసిని తల వంచుకుంది. ఆయన కూతురి కంచంలో నెయ్యి వేస్తూ అన్నాడు. "నా పరువుదేముందిలే. ఆ కుర్రోడి మనసు కష్టపెట్టేవు. టీ కూడా సగమే తాగి ఎల్లిపోయాడు. సూసుకో మరి."

ముందు కరిగింది శైలజ. ఒకరోజు బస్సులో పక్కన వచ్చి కూర్చుని భుజంతో ఒక్క పోటు పొడిచింది.

"ఒసే, నీకో మాట సెప్పనా? నువ్వు ఆ కథ సెప్పిన రోజు త్రినాథ్ నాతో ఏటన్నాడో తెలుసునా? 'ఇన్నాళ్ళూ బియ్యం షాపోళ్ళ పిల్లని నోరెత్తలేదు శైలజా, ఇప్పుడు ధైర్యంగా అడుగుతాను' అన్నాడు."

"ఏటి?"

"నాతో నవ్వతన్నాడని ఏడిసేవు కదా. నాతో మాటాడిందంతా నీ గురించేనే మొద్దూ! నీ అబద్ధం ఆడికి ధైర్యమిచ్చింది. మళ్ళీ అదే లాగీసింది."

సుహాసిని కిటికీలోంచి పొలాల వైపు చూస్తూ కూర్చుంది. కోతలు మొదలయ్యాయి. ఇన్నాళ్ళూ తను కుళ్ళుకున్నది తనమీదే అన్నమాట! నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

కోతలు పూర్తయ్యే లోపు ఆర్డరు వచ్చింది. బడి పక్కన రెండు గదులు, వంటకి ఇద్దరు ఆడవాళ్ళు, చూసుకోవటానికి ధనరాజ్ అనే కొత్త టీచరు. తల్లిదండ్రుల్ని తీసుకెళ్ళే వ్యాను వచ్చిన రోజు అందరూ అక్కడే ఉన్నారు. బిందు తల్లి కూతురి జడ విప్పి, మళ్ళీ అల్లి, మళ్ళీ విప్పింది. వ్యాను కదిలేదాకా బిందు ఏడవలేదు. కదిలాక ఏడ్చింది. సుహాసిని వెళ్ళి పక్కన కూర్చుంది. కాసేపటికి ఆ పిల్లే లేచి, "పదక్కా, అన్నాలెట్టేస్తన్నారు," అంది.

వడ్డన దగ్గర ధనరాజ్ సాంబారు గరిట తిప్పలేక చొక్కా నిండా ఒంపుకున్నాడు. పిల్లలు గొల్లుమన్నారు. సుహాసినికీ నవ్వాగలేదు. గరిట అందుకుని, ఎలా పట్టుకోవాలో అతనికి చూపించింది. అతను మళ్ళీ ఒంపాడు. ఆమె మళ్ళీ నవ్వింది.

"ఆ మాస్టారితో ఏటి అంత నవ్వు?"

ఉలిక్కిపడి తిరిగింది. త్రినాథ్. మొహం మాడ్చుకుని ఉన్నాడు.

"నీకెందుకు?" అంది సుహాసిని.

"గరిట పట్టుకోడం రానోడు టీచరేటి? వచ్చిన కాడినుంచి సూస్తన్నాను, సాంబారు ఒంపడం, నవ్వించడం!"

"త్రినాథ్, నువ్వు కుళ్ళుకుంటన్నావు."

"ఔను. కుళ్ళుకుంటన్నాను. ఇన్నాళ్ళూ నీతో మాటాడకుండా ఉండగలిగేను. ఇంకోడితో నవ్వతంటే సూడ్డం మాత్రం నా వల్ల కాదు." అని ఊపిరి పీల్చుకుని, నెమ్మదిగా అన్నాడు. "ఆ రోజు అలగ అనకూడదు. కానీ నొప్పెట్టింది సుహాసినీ. మనిద్దరం ఒకటే అనుకున్నాను."

"ఒకటి కాదు. నువ్వు పడ్డది నేను పడలేదు, పడ్డట్టు ఇంకెప్పుడూ సెప్పను. నేనిలాగే ఉంటాను, బియ్యం షాపు పిల్లలాగే. నువ్వు సెప్పింది ఇంటాను, అంతే. నువ్వంటే మాత్రం నాకు ఇష్టం. ఇది నిజం."

త్రినాథ్ చెవులు ఎర్రబడ్డాయి. "మరి మీ ఇంట్లో?" అన్నాడు గొణుగుతున్నట్టు.

సుహాసిని ఫోన్ తీసి, నంబరు నొక్కి, అతని చేతిలో పెట్టేసింది. అతను వేడి పెనం పట్టుకున్నట్టు పట్టుకున్నాడు. అవతల జగన్నాధం గొంతు, షాపు సందడి.

"హలో… నేనండీ, త్రినాథ్‌ని. ఆ రోజు టీ…"

"ఆఁ, సెప్పు బాబూ. ఏటి కావాలి?"

బేరానికి వచ్చినవాళ్ళందరినీ ఆయన అడిగే మాటే అది. త్రినాథ్ సుహాసిని వైపు చూశాడు. ఆమె పిల్లల వైపు తిరిగి వడ్డిస్తున్నట్టు నటిస్తోంది, గిన్నెలో గరిట లేదు.

"మీ అమ్మాయండీ," అన్నాడు.

అవతల జగన్నాధంగారు ఎవరి మీదో గట్టిగా కేకేయటం వినిపించింది.

"ఒరే, ఆ కాటా అలాగొదిలీ! లోపలికెళ్ళి అమ్మని బేగి రమ్మను!"